ముందు చదివేవాళ్లు... ఆ తర్వాతే పత్రిక!

బడి మెట్లెక్కని ఒక పల్లెటూరి కోడలు లైబ్రరీ పెట్టింది, ఆడపిల్లలకు బడి పెట్టింది, రైతుల పత్రికకు వెన్నుదన్నుగా నిలిచింది. మీడియా, కంటెంట్ రంగాల్లో ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లు పొణకా కనకమ్మ జీవితాన్ని ఒకసారి చదవాలి.

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉండగా నేనో టెక్ బ్లాగు మొదలుపెట్టాను. డొమైన్ కొన్నాను. లోగో చేయించాను. థీమ్ నచ్చక మూడుసార్లు మార్చాను. తీరా మొదటి పోస్టు పెట్టిన రోజు రాత్రి డ్యాష్‌బోర్డు తెరిచి చూస్తే మొత్తం ఏడుగురు చదివారు. అందులో నలుగురు మా హాస్టల్ బ్యాచే! అన్నీ సిద్ధం చేసుకున్నాను గానీ, ఎవరి కోసం రాస్తున్నానన్న సంగతి మాత్రం ఆలోచించలేదు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలో డిగ్రీ స్టూడెంట్ల కోసం రాసిన రోజు నుంచే నా బ్లాగుకు చదివేవాళ్లు వచ్చారు.

ఇప్పుడు జూనియర్లు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న కూడా ఇలాంటిదే. ఏ మైక్ కొనాలి, యూట్యూబ్ మంచిదా ఇన్‌స్టా మంచిదా, వెబ్‌సైట్‌కి ఎంతవుతుంది? వాళ్లకు నేను చెప్పే జవాబు ఒక మనిషి కథ. ఆమె పుట్టి 130 ఏళ్లు దాటింది. నెల్లూరు నుంచి తూర్పుగా, సముద్రం వైపు వెళ్తే వరి పొలాలు, రొయ్యల గుంటల మధ్య తోటపల్లి గూడూరు మండలం వస్తుంది. ఆ మండలంలోని పొట్లపూడి ఆమె మెట్టినూరు.

బడి లేదు, పుస్తకం ఉంది

పొణకా కనకమ్మ 1892 జూన్ 10న నెల్లూరు జిల్లా మినగల్లులో పుట్టారు. పుట్టింటివారు మరుపూరు వారు. అప్పటి ఆచారం ప్రకారం ఊహ తెలిసీ తెలియని వయసులోనే పెళ్లి చేశారు. భర్త పొణకా సుబ్బరామిరెడ్డి. పొట్లపూడిలో భూవసతి ఉన్న పెద్ద రైతు కుటుంబం.

ఆ రోజుల్లో ఆడపిల్ల చదువు ఎలా ఉండేదో ఒక్క లెక్క చూస్తే తెలిసిపోతుంది. 1901 జనాభా లెక్కల నాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. కనకమ్మా బడికి వెళ్లలేదు. సర్టిఫికెట్ అన్న మాటే ఆమె జీవితంలో లేదు. ఇంట్లోనే కూర్చుని తెలుగు చదువుకున్నారు. తర్వాత సంస్కృతం, హిందీ కూడా పట్టుకున్నారు. పద్యం అల్లడం వచ్చింది. పత్రికలకు రాయడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఆగి ఒక మాట. ఈ పేజీ చదివే మనలో చాలామందికి డిగ్రీ ఉంది, స్కిల్ లేదని బాధ. ఆమెది దానికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి. స్కిల్ ఉంది, దాన్ని చూపించడానికి ఒక్క కాగితం లేదు. అయితే చదువు తనకు ఎంత కష్టపడితే వచ్చిందో ఆమెకు బాగా తెలుసు. పక్కింటి ఆడపిల్లకు ఆ మాత్రం కూడా రావడం లేదని ఇంకా బాగా తెలుసు. తర్వాత ఆమె చేసిన పనులన్నీ ఈ రెండు సంగతుల్లోంచి వచ్చినవే.

మొదటి అడుగు: ఊళ్లో లైబ్రరీ

కనకమ్మ పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పేరుతో ఒక సంఘం పెట్టారు. దానితోపాటు ఊళ్లోనే వివేకానంద గ్రంథాలయం వచ్చింది. తెలుగునాట గ్రంథాలయోద్యమం ఊపందుకుంటున్న రోజులవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా పుస్తకాల గది ఉండాలని తిరుగుతున్న కాలం.

పల్లెటూరి లైబ్రరీ అంటే నాలుగు బీరువాలు అనుకుంటే పొరపాటే. అక్కడికి పత్రిక వస్తుంది. చదువు వచ్చిన ఒకరు పైకి చదువుతారు, రాని పదిమంది చుట్టూ కూర్చుని వింటారు. మద్రాసులో అచ్చయిన వార్త ఊరి అరుగు మీదికి చేరేది ఇలాగే. ఒక్క కాపీకి పదిమంది పాఠకులు! ఇవాళ మనం రీచ్ అంటున్నామే, అది అప్పుడు ఒక మనిషి గొంతు ఎంత దూరం వినపడితే అంత.

ఆమె చేసిన ఈ మొదటి పనిలో పేరు రాదు, డబ్బు అసలే రాదు. కానీ చదివే అలవాటు, వినే అలవాటు ఊరికి పట్టింది. పత్రిక పెట్టాలంటే ముందు ఆ నేల దున్నాలి కదా!

దేశం మొత్తం అప్పుడు కదులుతోంది. కనకమ్మ మొదట తిలక్ రాజకీయాల వైపు మొగ్గారు. తర్వాత గాంధీ మార్గంలోకి వచ్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీ నెల్లూరు వచ్చి, పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాన్ని నడిపించారు. ఆ ఆశ్రమానికి స్థలం సమకూర్చడంలో కనకమ్మ చేయి ఉంది. ఖద్దరు, దళితవాడల్లో సేవ, హిందీ ప్రచారం అన్నీ ఆమె రోజువారీ పనులైపోయాయి. ఒక పెద్ద రైతు ఇంటి కోడలు గడప దాటి ఇవన్నీ చేస్తుంటే ఊరు ఊరకే చూస్తూ ఉంటుందా? చుట్టూ ఉన్న మాటల బరువు మోస్తూనే ఆమె పని చేసుకుపోయారు.

రెండో అడుగు: ఆడపిల్లల బడి

లైబ్రరీ పెడితే చదువు వచ్చినవాళ్లు వస్తారు. మరి అసలు అక్షరమే రానివాళ్ల సంగతి? 1923లో కనకమ్మ నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం ప్రారంభించారు. కస్తూరిబా పేరు పెట్టిన బడి అది. 1929లో గాంధీ మళ్లీ నెల్లూరు వచ్చినప్పుడు ఆ విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు.

బడి నడపడం సభలో మాట్లాడినంత తేలిక కాదు. ప్రతి నెలా టీచర్లకు జీతాలివ్వాలి. అద్దె కట్టాలి. పిల్లను పంపించమని ఇల్లిల్లూ తిరగాలి. పంపించిన పిల్లకు పెళ్లి కుదిరితే, మధ్యలోనే మానేసి వెళ్లిపోతుంటే చూసి మింగాలి. ఇదంతా ఏ బడీ చూడని మనిషి చేశారు. నెల్లూరులో ఎన్నో కుటుంబాల్లో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఇలాంటి చోటి నుంచే వచ్చింది.

ఇప్పుడు వరస చూడండి. లైబ్రరీతో వినేవాళ్లు తయారయ్యారు. బడితో చదివేవాళ్లు తయారవుతున్నారు. మూడోదే పత్రిక.

మూడో అడుగు: పేరులోనే పాఠకుడు

నెల్లూరుకు పత్రికలు కొత్తేం కాదు. 1885లో పూండ్ల రామకృష్ణయ్య ఇక్కడి నుంచే అముద్రిత గ్రంథ చింతామణి పెట్టి, అచ్చుకాని పాత కావ్యాలను వెలుగులోకి తెచ్చారు. ఇదే జిల్లాకు చెందిన దంపూరు నరసయ్య 1881లో మద్రాసులో పీపుల్స్ ఫ్రెండ్ అనే ఇంగ్లిష్ వారపత్రిక నడిపారు. తర్వాత సొంత జిల్లాకు తిరిగొచ్చి, పల్లెల కోసం ఆంధ్రభాషా గ్రామవర్తమాని పెట్టారు. పండితుడికి ఒక పత్రిక, ఇంగ్లిష్ వచ్చినవాడికి ఒక పత్రిక, గ్రామానికి ఒక పత్రిక అన్నమాట.

1920ల చివరికి వచ్చేసరికి నెల్లూరు జిల్లాలో ఇంకో పాఠకుడు ఎదురుచూస్తున్నాడు. అతను జమీందారీ రైతు.

ఇది కాస్త అర్థం చేసుకోవాలి. అప్పట్లో భూమి రెండు పద్ధతుల్లో ఉండేది. రైత్వారీ ఊళ్లలో రైతు శిస్తు నేరుగా ప్రభుత్వానికి కడతాడు. జమీందారీ ఊళ్లలో జమీందారుకు కడతాడు, జమీందారు ప్రభుత్వానికి ముందే ఖాయమైన పేష్కష్ కడతాడు. 1802 నాటి శాశ్వత సెటిల్మెంట్ నుంచి వచ్చిన ఏర్పాటు అది. నెల్లూరు జిల్లాలో చాలా ఊళ్లు వెంకటగిరి జమీ కింద ఉండేవి. శిస్తు ఎంత, రశీదు ఇచ్చారా లేదా, చెరువు ఎవరు బాగు చేయించాలి, పశువులు ఎక్కడ మేయాలి, అడవిలో కట్టెలు కొట్టుకోవచ్చా... రోజూ గొడవే. 1908లో మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ వచ్చింది. అందులో రైతుకు కొన్ని హక్కులున్నాయి. కాగితం మీద హక్కు ఉంది, దాన్ని రైతుకు చదివి చెప్పేవాళ్లు ఏరీ?

మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక లాంటి దినపత్రికలు వస్తున్నాయి. వాటిలో దేశ రాజకీయం ఉంటుంది, ప్రపంచ వార్తలుంటాయి. నెల్లూరు జిల్లాలో ఏదో ఊళ్లో ఒక రైతుకు రశీదు ఇవ్వలేదన్న వార్తకు వాటిలో చోటెక్కడ?

అలా 1928లో నెల్లూరు నుంచి జమీన్ రైతు వారపత్రిక వచ్చింది. ఎడిటర్ నెల్లూరు వెంకటరామానాయుడు. పత్రికను నిలబెట్టినవారిలో కనకమ్మ ముందున్నారు. ఆ పేరు ఒకసారి చూడండి. భానుడు, చంద్రుడు, వాణి, భారతి ఏమీ లేవు. చదవాల్సిన మనిషి పేరే పత్రిక పేరు. ఇది ఎవరి కోసం అని వేరే చెప్పక్కర్లేదు. నా బ్లాగుకు పేరు పెట్టేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

ఇంకో సంగతి కూడా గమనించాలి. కనకమ్మ కుటుంబానికీ భూములున్నాయి. పెద్ద ఇళ్లతో బంధుత్వాలు, రాకపోకలు ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చి జమీందారీని ప్రశ్నించే పత్రిక వెనక నిలబడటం అంటే తన చుట్టూ ఉన్న ప్రపంచంతోనే పేచీ పెట్టుకోవడం.

అప్పటి వారపత్రిక ఎలా తయారయ్యేదో నేటి కీబోర్డు తరానికి ఊహకందదు. కంపోజిటర్ ఒక్కో సీసపు అక్షరాన్ని అరల్లోంచి ఏరి వరసగా పేర్చాలి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిపితే అరలు వందల్లో ఉంటాయి. పేర్చిన పేజీకి సిరా రాసి ప్రూఫ్ తీయాలి, తప్పులు దిద్దాలి, మిషనెక్కించాలి. అచ్చయ్యాక మళ్లీ ఒక్కో అక్షరం విప్పి అరలో వేయాలి. కాపీలు మడిచి, చిరునామా చీటీ అంటించి పోస్టుకు పంపాలి. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికి.

దీనిపైన ప్రభుత్వం కత్తి. 1867 చట్టం ప్రకారం ప్రెస్సు పెట్టినా, పత్రిక పెట్టినా మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాలి. ఉప్పు సత్యాగ్రహం మొదలయ్యాక 1930లో ప్రెస్ ఆర్డినెన్స్, 1931లో ప్రెస్ ఎమర్జెన్సీ పవర్స్ చట్టం వచ్చాయి. నచ్చని వార్త వేస్తే సెక్యూరిటీ డిపాజిట్ అడగొచ్చు, దాన్ని జప్తు చేయొచ్చు, ప్రెస్సునే పట్టుకుపోవచ్చు. చిన్న ఊరి పత్రికకు డిపాజిట్ పోవడం అంటే మూతపడటమే. ఇంత నడుమ ఆ పత్రిక నిలబడింది. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీ రద్దు చట్టం తెచ్చింది. ఏ రైతు పేరు పెట్టుకుందో ఆ రైతు జమీ కింద లేకుండా పోయాక కూడా జమీన్ రైతు ఆగలేదు. దశాబ్దాల తరబడి నెల్లూరు ఇళ్లలో వారం వారం పడుతూనే ఉంది.

జైలు, కడుపుకోత, పద్యం

శాసనోల్లంఘన ఉద్యమంలో కనకమ్మ అరెస్టయ్యారు. రాయవేలూరు జైల్లో శిక్ష అనుభవించారు. పరదా మర్యాదల ఇంటి నుంచి వచ్చిన ఆడమనిషికి అది మామూలు విషయం కాదు. బయట బడి నడవాలి, పత్రిక నడవాలి, ఇల్లు నడవాలి. తను మాత్రం నాలుగు గోడల మధ్య.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే చనిపోయింది. ఆ దుఃఖంలో కనకమ్మ తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమానికి వెళ్లొస్తూ ఉండేవారు. మళ్లీ కలం పట్టుకున్నారు. స్నేహితురాలు ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మతో కలిసి జంటగా పద్యాలు రాశారు. ఆరాధన, నైవేద్యము అన్న పుస్తకాలు అలా వచ్చినవే. జంటకవులంటే మగవాళ్లే గుర్తొచ్చే కాలంలో ఇద్దరు ఆడవాళ్లు కలిసి రాయడం చిన్న విషయం కాదు.

మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి నడిపిన గృహలక్ష్మి పత్రిక రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చేది. కనకమ్మ కూడా దాన్ని అందుకున్నారు. అయితే పనులు పెరిగేకొద్దీ చేతిలోని ఆస్తి తరుగుతూ వచ్చింది. బడి, ఆశ్రమం, పత్రిక, ఉద్యమం... అన్నిటికీ ఇచ్చే చెయ్యే గానీ తీసుకునే చెయ్యి కాలేదు.

అందరి మాటా అచ్చయింది... ఆమె మాట తప్ప

కనకమ్మ తన జీవితకథ కూడా రాసిపెట్టారు. దాని పేరు కనకపుష్యరాగం. 1963 సెప్టెంబర్ 15న ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆ రాతప్రతి అచ్చు కాలేదు.

ఆ తర్వాత కూడా కాలేదు. పత్రికకు అండగా నిలిచిన మనిషి, ఎందరి గోడో అచ్చెక్కడానికి దారి వేసిన మనిషి రాసుకున్న సొంత కథ దాదాపు అర్ధ శతాబ్దం కాగితాల కట్టగానే ఉండిపోయింది. చివరికి నెల్లూరు పరిశోధకుడు డాక్టర్ కాళిదాసు పురుషోత్తం పూనుకుని దాన్ని పుస్తకంగా తెచ్చారు. దంపూరు నరసయ్య జీవితాన్ని వెతికి రాసిందీ ఆయనే. వీళ్లిద్దరి గురించి మనకు ఇవాళ ఇంత తెలుస్తోందంటే అందులో ఆయన ఓపిక చాలా ఉంది.

ఈ భాగం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పొట్లపూడి మీదుగా ఎన్నిసార్లు బండి మీద వెళ్లానో లెక్కలేదు. ఇంజినీరింగ్ అయ్యేదాకా ఆమె పేరే నాకు తెలియదు. మీ ఊళ్లో కూడా ఇలాంటి కాగితాల కట్ట ఏ అటక మీదో ఉండొచ్చు. దాన్ని కిందికి దించి, స్కాన్ చేసి, చదివి, నలుగురికి అర్థమయ్యేలా రాయగలగడం కూడా పబ్లిషింగ్ రంగంలో పనే.

మరి మనకేంటి?

ఆమె ఖర్చుపెట్టినట్టు మనం ఖర్చుపెట్టలేం. ఆమెకు భూములున్నాయి, మనకు ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐలున్నాయి. జీతం కావాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆమె పట్టుకున్న వరస మాత్రం ఉచితంగా దొరుకుతుంది. మొదట మనిషి, తర్వాత ఆ మనిషి అవసరం, చివరికి వేదిక.

ఉదాహరణకు మా తీరం సంగతే తీసుకోండి. ఇక్కడ రొయ్యల రైతుకు రోజూ కావాల్సింది కౌంట్ ధర, మేత రేటు, వాన సూచన, తెల్లమచ్చ తెగులు ఎక్కడ కనపడిందన్న కబురు. ఇవన్నీ ముక్కలు ముక్కలుగా పది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఏది నిజమో తెలియదు. ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు కలిసి, చెరువు గట్టుకు వెళ్లి కనుక్కుని, వారానికి ఒక్క పేజీ సరిచూసిన సమాచారం తేట తెలుగులో ఇవ్వగలరా? రెండు నెలల్లో ఎనిమిది సంచికలవుతాయి. ఇంటర్వ్యూలో ఫైలు తెరిచి ఆ ఎనిమిది చూపించండి. మీడియా అంటే ప్యాషన్ అని రెజ్యూమెలో రాసుకున్న లైను కంటే అవి గట్టిగా మాట్లాడతాయి.

పత్రికల జర్నలిజం స్కూళ్ల పరీక్షలకు వెళ్లేవాళ్లకూ ఇదే ప్రాక్టీసు. అక్కడ సాధారణంగా చూసేది ఇంగ్లిష్ నుంచి తెలుగు అనువాదం, వర్తమాన వ్యవహారాలు, తప్పుల్లేని భాష. వారం వారం ఒక రైతుకు అర్థమయ్యేలా రాసి, తప్పు దొరికితే అతని చేతే తిట్లు తిన్నవాళ్లకు ఆ పరీక్ష అంత కొత్తగా ఉండదు.

మీ మొదటి సంచిక అచ్చయ్యేలోపు ఒక సాయంత్రం నెల్లూరు నుంచి తూర్పు దారి పట్టి పొట్లపూడి వెళ్లి రండి. పెద్దగా చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక ఊరు, చుట్టూ పొలాలు. కానీ బడి చూడని ఒక మనిషి ఈ ఊరికి పత్రికలు తెప్పించి చదివించిందన్న సంగతి గుర్తుంటే చాలు, మైక్ ఏది కొనాలన్న ప్రశ్న దానంతటదే వెనక్కి పోతుంది.

ఒక్క చూపులో...

పేరు: పొణకా కనకమ్మ
జననం: 1892 జూన్ 10, మినగల్లు, నెల్లూరు జిల్లా
మెట్టినూరు: పొట్లపూడి, తోటపల్లి గూడూరు మండలం
స్థాపించినవి: సుజనరంజనీ సమాజం, కస్తూరిదేవి విద్యాలయం (1923)
అండగా నిలిచిన పత్రిక: జమీన్ రైతు (1928)
రచనలు: ఆరాధన, నైవేద్యము (లక్ష్మీబాయమ్మతో కలిసి), ఆత్మకథ కనకపుష్యరాగం
మరణం: 1963 సెప్టెంబర్ 15